బంతి కుట్టిన చేతులు

హైదరాబాదు ఫుట్‌బాల్ ప్రాభవమును గూర్చి వ్రాయువారు పేర్కొనే విజయములు మన పాఠకులకు క్రొత్తవి కావు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పు గెలిచినది. ఆయనే శిక్షకులుగా భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకము సాధించినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానము పొందినది. 2024లో ఆయనపై ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము కూడ వచ్చినది. సంతోషమే. అయితే ఏనాడును జట్టులో ఆడక, ఆ ఆటను నిలబెట్టిన వారు కూడ కలరు. వారి చరిత్ర వ్రాయవలసినది మన వంటి కళాశాలలే అని మా అభిప్రాయము.

మేము ‘దాదా’ అని పిలిచిన మా తాతగారు అట్టివారిలో ఒకరు. బూట్లు కుట్టుట ఆయన వృత్తి. ఫుట్‌బాల్ ఆయన వ్యసనము. 1952లో, 14వ ఏట పనికి కుదిరిన పిల్లవానికి ఆడుకొనుటకు సాయంకాలపు తీరిక ఎక్కడిది? చూపు మందగించి అంగడి మూసిన తరువాత కూడ ఆట జరుగు చోటికి ఎవరో ఒకరి చేయి పట్టుకొని వెళ్ళెడివారు. గత సంవత్సరము 86వ ఏట కన్నుమూసినారు.

ఆనాటి బంతి ఎట్టిదో నేటి విద్యార్థులలో ఎందరికి తెలియును? తోలు ముక్కలు కలిపి కుట్టి, లోపల రబ్బరు బ్లాడరు అమర్చి, గాలి నింపి, నోటిని లేసుతో బిగించెడివారు. వానలో తోలు నీరు పీల్చి బంతి బరువెక్కెడిది. లేసు ముడి పైకి నిలిచినచో తలతో కొట్టినవాని నుదురు చిట్లెడిది. ఆ ముడిని లోపలికి అణచి బిగించుట ఒక విద్య. దానికి దాదా వేరుగా కూలి పుచ్చుకొనలేదు. “నుదురు వాడిది, పేరు నాది” అనెడివారు.

హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవారు పలువురు వట్టి కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 1–10 గోల్స్‌తో ఓడినది కూడ 1952లోనే. అటుపిమ్మట బూట్లు తప్పనిసరి అయినవి. అడుగున తోలు బిళ్ళలను మేకులతో బిగించు పని పెరిగినది. మరమ్మతుకు వచ్చిన జోడును చూచి, ఆటగాడు ఏ కాలిని నమ్ముకొన్నాడో దాదా చెప్పగలిగెడివారు. రహీం సాహెబు బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో పోటీలు నడిపినారని ప్రసిద్ధి. ఆ మాట వచ్చినప్పుడెల్ల దాదా నవ్వి, “జోళ్ళు రెండూ సమానంగా అరిగితే, వాడు ఆటగాడు” అనెడివారు.

ఇవి ఇంటి ముచ్చటలే గాని చరిత్ర కాదని కొందరు మిత్రులు అన్నారు. మేము ఒప్పుకొనము. పతకముల జాబితా ఎక్కడనైనను దొరకును. లేసు ముడి సంగతి ఆ చేతులతోనే పోవును. నగరములో ఈ ఆట క్షీణించుటకు పెద్దలు అనేక కారణములు చెప్పుదురు. అంగడికిని మైదానమునకును నడుమ ఉండిన చుట్టరికము తెగిపోవుట అందులో ఒకటని మా ఊహ. ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియము అయినను, దాదా కడవరకు పాత పేరే పలికినారు.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒకటి కలదు. క్రీడోత్సవమునకు అధికారులను ముఖ్య అతిథులుగా పిలుచుట పరిపాటి. ఒక్క సంవత్సరము జెర్సీలు కుట్టిన దర్జీనో, మైదానమున సున్నపు గీతలు గీసిన వృద్ధునో పిలిచిన లోటేమి? ఈ సంచికలో ఏటేట నాలుగు పుటలు అట్టివారి మాటలకు, ఉర్దూలోను తెలుగులోను, కేటాయించవలెను. మన విద్యార్థుల ఇండ్లలోనే అట్టి పెద్దలు ఇంకను ఉన్నారు. అయితే ఎంతకాలము ఉందురు?

దాదా లెక్కల పుస్తకము మా యింట భద్రముగా ఉన్నది. ఎవరి జోడు, ఏ మరమ్మతు, ఎంత కూలి, ఎవరు బాకీ, అన్నియు అందులో కలవని ఆయన చెప్పెడివారు. అది ఉర్దూలో ఉన్నది. మేము తెలుగు మాధ్యమములో చదివినవారము. ఉర్దూ విభాగపు మిత్రులెవరైనను చదివి పెట్టినచో వచ్చే సంచికకు మొదటి వ్యాసము సిద్ధమగును. పుస్తకమును గ్రంథాలయములో ఉంచుటకు మా కుటుంబము సమ్మతించినది.