“ఎలా నమ్మావు?” అని అడిగే ముందు

ఫోనులో ఎవరో చెప్పిన మాట నమ్మి ఒక స్త్రీ డబ్బు పోగొట్టుకుందని తెలియగానే ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు, పోలీసులు, బ్యాంకు ఉద్యోగులు అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: “మోసమని అంత స్పష్టంగా తెలుస్తుంటే ఎలా నమ్మావు?” పైకి అమాయకంగా కనిపించినా, నేరం చేసినవాడిని పక్కకు తప్పించి నష్టపోయిన మనిషిని బోనులో నిలబెట్టే ప్రశ్న ఇది. “ఆ వేళప్పుడు బయటికెందుకెళ్ళావు?”, “అన్నాళ్ళు ఎందుకు భరించావు?” అనే ప్రశ్నల నైజాన్ని స్త్రీల ఉద్యమం ఎప్పుడో పసిగట్టింది. ఇది వాటి తోబుట్టువే. నేరాలు వేరు కావచ్చు, నింద మోపే పద్ధతి మాత్రం ఒకటే.

అసలు ఆ మోసం ఎవరి కంటికి స్పష్టం? మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, యర్రగొండపాలెం వైపు నుండి చూద్దాం. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు నుండి వచ్చి కలిశాయి. వానలు తక్కువ. బోర్లలో ఫ్లోరైడ్ నీళ్ళు. మార్కాపురానికి పేరు తెచ్చిన పలకల పరిశ్రమ, పలకల వాడకం తగ్గాక చితికిపోయింది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఒక తరం ఎదురుచూసింది. హైదరాబాదుకో బెంగుళూరుకో పనికి పోయినవాళ్ళకూ ఊళ్ళో మిగిలిన స్త్రీలకూ మధ్య ఉన్న దారి ఫోనే. ఇంటికి డబ్బు వచ్చేది ఆ దారినే, ప్రభుత్వం వచ్చేదీ ఆ దారినే.

ఈ రెండో విషయం మనం తగినంతగా ఆలోచించలేదు. పింఛను, రేషను, డ్వాక్రా అప్పు, పిల్లల చదువు డబ్బు దేనికైనా ఆధార్, వేలిముద్ర, ఓటీపీ కావాలి. 2019 నుండి 2024 దాకా వాలంటీరు ఇంటికే వచ్చి వేలిముద్ర వేయించుకున్నారు. సచివాలయంలోనూ బ్యాంకు మిత్ర దగ్గరా అదే తంతు. ఎందుకు వేయాలో ఎవరూ వివరించరు. వేయకపోతే డబ్బు ఆగుతుందని మాత్రం అందరూ చెబుతారు. “అంకె వచ్చిందామ్మా, చెప్పు” అంటే చెప్పేయడం ఆమెకు మనమే, మన పాలనా వ్యవస్థే, నేర్పిన అలవాటు.

డబ్బు వచ్చిన అనుభవమూ ఆమెకుంది. 2019 ఎన్నికల ముందు పసుపు కుంకుమ పేరుతో డ్వాక్రా సభ్యులకు పదివేలు మూడు చెక్కులుగా అందాయి. 2020 నుండి 2024 దాకా ఆసరా పేరుతో నాలుగు విడతలుగా అప్పు సొమ్ము తిరిగి వచ్చింది. 2023 ఏప్రిల్ 12న మార్కాపురం సభలోనే ముఖ్యమంత్రి మీట నొక్కితే, ఈబీసీ నేస్తం కింద రాష్ట్రమంతటా 45 నుండి 60 ఏళ్ళ స్త్రీలకు 15 వేల చొప్పున విడుదలైంది. ఎక్కడో ఎవరో మీట నొక్కితే ఖాతాలో డబ్బు పడుతుందన్నది ఆమెకు కట్టుకథ కాదు, కళ్ళారా చూసిన సంగతి. ఆధార్‌లో ఒక్క అక్షరం తప్పుపడి ఏడాదిపాటు డబ్బు ఆగిపోయినవాళ్ళనూ ఆమె చూసింది. అలాంటి మనిషికి ఫోను వస్తుంది: “అమ్మా, మీ పథకం డబ్బు ఆగింది. ఇవాళే సరిచేయకపోతే రద్దవుతుంది. ఓటీపీ చెప్పండి.” నెల జీతం వచ్చే మనకు ఇది నవ్వులాట. ఆమెకు నిన్నటి సచివాలయం మాటకూ ఈ మాటకూ తేడా ఏముంది? అందుకే సమాజశాస్త్రం చదువుకున్న నాకు ‘అత్యాశ’ అనే మాట మీద ఎప్పుడూ అనుమానమే.

చదువు లేకపోవడమే కారణమన్నది మరో సులువైన జవాబు. 2024లో పద్మభూషణ్ గ్రహీత, వర్ధమాన్ సంస్థల అధిపతి ఎస్.పి. ఓస్వాల్ ‘డిజిటల్ అరెస్టు’ ముఠాకు 7 కోట్లు పోగొట్టుకున్నారు. ఆయనకు వీడియోలో దొంగ సుప్రీంకోర్టు విచారణే చూపించారు. అదే ఏడాది అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలో మాట్లాడుతూ చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని చెప్పవలసి వచ్చింది. కోటీశ్వరుడినైనా కూలి మనిషినైనా లొంగదీసే సరుకు ఒకటే: అధికారం గొంతు, తొందర, “ఎవరికీ చెప్పొద్దు” అనే ఆంక్ష. తేడా అంతా తర్వాత ఉంది. ఆయనకు ఫిర్యాదు చేసే బలముంది. ఆమెకు ఫిర్యాదు చేయడమంటే ఇంట్లో బయటపడటం.

మరి కొన్ని మోసాలు మరీ ఇంత పచ్చిగా ఎందుకుంటాయి? మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో దీనికి ఒక జవాబు చెప్పాడు. నైజీరియా నుండి కోట్లు వస్తాయనే ఉత్తరాలు నమ్మశక్యం కాకుండా ఉండటం మోసగాడికే లాభం. అనుమానించేవాళ్ళు మొదట్లోనే తప్పుకుంటారు, కడదాకా వచ్చేవాళ్ళ మీదే వాడు తన సమయం ఖర్చుపెడతాడు. అంటే ఆ పచ్చిదనం ఒక జల్లెడ. ఆ జల్లెడలో మిగిలేవాళ్ళను హెర్లీ తేలిగ్గా నమ్మేవాళ్ళన్నాడు. నేనైతే అడగడానికి పక్కన మనిషి లేనివాళ్ళంటాను.

అగ్రిగోల్డ్‌ను గుర్తుచేసుకుంటే ఈ మాట ఇంకా బోధపడుతుంది. సుమారు 32 లక్షల ఖాతాల నుండి 6,380 కోట్లు వసూలు చేసిన ఆ సంస్థ కూలిపోయినప్పుడు బాధితులు ఒకరికొకరు కనిపించారు. ఏజెంటు ఊరివాడే, నష్టపోయింది వీధంతా. కాబట్టి సంఘం కట్టారు, ధర్నాలు చేశారు, కోర్టుకెళ్ళారు. 2019లోనూ 2021లోనూ రాష్ట్ర ప్రభుత్వం 20 వేల లోపు డిపాజిటుదారులకు చెల్లింపులు చేయక తప్పలేదు. ఫోను మోసంలో ఏజెంటుకు ముఖం లేదు, బాధితురాలికి తోడు లేదు. పదిమందికి జరిగితే అన్యాయమైనది ఒక్కతికి జరిగితే తెలివితక్కువతనమవుతోంది.

సిగ్గును ఆయుధంగా వాడటం మనకు కొత్త కాదు. 2010 సూక్ష్మరుణ సంక్షోభంలో గుంపు సభ్యులనే అప్పున్న ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టి వసూలు చేయించారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పదేళ్ళ తర్వాత, 2020 చివర్లో, తెలంగాణలో ఆత్మహత్యలతో బయటపడ్డ అప్పు యాప్‌లు ఫోనులోని పేర్లన్నీ కాజేసి, ఫొటోలు మార్చి బంధువులకు పంపాయి. అంటే సంఘం దానంతట అదే స్త్రీకి అండ కాదు, అదీ పరువు పోలీసుగా మారగలదు. అండగా మలచడం మన పని.

మోసం తర్వాత ఇంట్లో పడే శిక్ష ఏమిటి? “నీకెందుకే ఫోను?” 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. ఆ భయంతోనే ఆమె నోరు విప్పదు. 1930కి వెంటనే ఫోను చేస్తే డబ్బు చేతులు మారకముందే బ్యాంకులు ఆపగల అవకాశముంది. సిగ్గుతో గడిచే ప్రతి గంటా దొంగకు లాభమే.

చట్టం కూడా ఆ పాత ప్రశ్నే అడుగుతోంది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్, ఖాతాదారు తానే రహస్య వివరాలు చెబితే అది నిర్లక్ష్యమనీ, ఫిర్యాదు చేసేదాకా నష్టమంతా ఆమెదేననీ చెప్పింది. “నువ్వే ఇచ్చావుగా” అన్నమాట! మథుర కేసులో 1978లో ప్రతిఘటించిన గుర్తులు లేవని సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. దేశమంతటా స్త్రీలు ఆందోళన చేశాక 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగిన అత్యాచారంలో ఆమె ఒప్పుకోలేదని చెబితే కోర్టు ముందుగా ఆ మాటనే నిజమని భావించాలి. భయపెట్టి, దొంగ అధికారం చూపి రాబట్టింది సమ్మతి కాదని అప్పుడు వాదించిన మనం, ఓటీపీ విషయంలో ఎందుకు మౌనంగా ఉండాలి?

కాబట్టి మూడు విషయాలు మన డిమాండ్లలో చేరాలి. పథకాల పేరుతో ఏ కార్యాలయమూ ఫోనులో ఓటీపీ అడగకూడదు. ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో స్త్రీలకు వాళ్ళ భాషలో చెప్పాలి. మోసంతో రాబట్టిన వివరాలను ‘నిర్లక్ష్యం’ కింద జమకట్టకూడదు. అసాధారణ లావాదేవీని ఆపలేకపోయిన బ్యాంకు కూడా నష్టంలో పాలు పంచుకోవాలి. ఏ స్టేషనుకు వెళ్ళినా, మందలింపులు లేకుండా ఫిర్యాదు తీసుకోవాలి. పరిధితో పని లేకుండా సమాచారం తీసుకోవాలని 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది.

ఇవి సాధించే లోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. సంఘం సమావేశంలో పొదుపు లెక్క అయ్యాక ఒక పది నిమిషాలు కేటాయించుకుందాం. ఈ నెలలో ఎవరికి ఏ ఫోను వచ్చింది, ఏమడిగారు, ఏం చెప్పారు? పోగొట్టుకున్న అక్క మాట్లాడేటప్పుడు ఎవరూ “ఎలా నమ్మావు?” అనకూడదన్నది ఆ పది నిమిషాల నియమం కావాలి. “ఎప్పుడు జరిగింది? 1930కి చేశావా? రేపు బ్యాంకుకు నీతో ఎవరు వస్తారు?” అని అడుగుదాం.