వేగంగల కారు ఇంటికి పనికివస్తుందా?

ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలలో పిల్లల చదువులు, పెళ్లి సంబంధాలు, అత్తాకోడళ్ల సంగతులే ఎక్కువ. ఈసారి మద్దిలపాలెం నుండి ఒక తల్లి అడిగినది మాత్రం కారు గురించి. అయితే ఆ కారులో ఇంటి సంగతి అంతా ఉన్నది గనుక ఈ నెల స్థలమంతా దానికే ఇస్తున్నాము.

ఆమె భర్త ఉక్కు కర్మాగారంలో పనిచేసి, 2025లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. కుమారుడు పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగి. పెళ్లయింది, నాలుగేళ్ల పాప ఉన్నది. ఇన్నాళ్లూ మోటారు సైకిలు మీద వెళ్లివచ్చిన అబ్బాయి ఇప్పుడు కారు కావాలంటున్నాడు. మామూలు కారు కాదు, ‘పికప్’ ఉన్న బండి కావాలట. కొత్తదానికి డబ్బు చాలదు గనుక, వాడిన బండ్లలో మూడింటిని చూసిపెట్టుకున్నాడు: హ్యుండాయ్ ఐ20 ఎన్ లైన్, టాటా ఆల్ట్రోజ్ రేసర్, ఫోక్స్‌వాగన్ పోలో జి.టి. తండ్రి తనకు వచ్చిన డబ్బులో కొంత ఇస్తానన్నారు. ఎంత ఇవ్వాలి, దేనికి ఇవ్వాలి అన్నచోట మాట పట్టింపు వచ్చింది. “తండ్రీకొడుకులు ఒక పూట మాట్లాడుకుంటే రెండు పూటలు మాట్లాడుకోవడం లేదు. ఏది మంచిదో మీరే చెప్పండి” అని ఆమె మాట.

యౌవనంలో ఉన్నవాడికి వేగం మీద మనసు పోవడాన్ని మేము తప్పుపట్టము. అతడు అడిగినది 2025లో 53 లక్షలకు మన దేశానికి వచ్చిన గోల్ఫ్ జి.టి.ఐ. కాదు. పది లక్షల లోపు తిరిగే బండ్లే. కాబట్టి ముందు ఆ బండ్ల సంగతి చూద్దాము.

ఎన్ లైన్ 2021లోను, రేసర్ 2024లోను విడుదలయ్యాయి. మొదటిదాని ఇంజను 998 సి.సి., రెండవదానిది 1199 సి.సి. రెండూ మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజన్లే. శక్తి రెండింటికీ 120 పి.ఎస్. లాగే బలం, అంటే టార్కు, ఒకదానికి 172, రెండవదానికి 170 న్యూటన్ మీటర్లు. విడుదలైనప్పుడు షోరూము ధరలు కూడా పక్కపక్కనే: ఎన్ లైన్ 9.84 లక్షల నుండి, రేసర్ 9.49 లక్షల నుండి. ఇంతగా ఎందుకు పోలి ఉన్నాయంటే పన్ను లెక్క వల్ల. 2006 బడ్జెట్టులో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సి.సి. లోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించారు. 2025 సెప్టెంబరులో జి.ఎస్.టి. రేట్లు మారినప్పుడూ అదే గీత నిలిచింది. ఆ గీత లోపల ఇమడాలని అందరూ చిన్న ఇంజను చేసి, దానికి టర్బో తగిలిస్తారు. గనుక 120 అనే అంకె పట్టుకుని ఇంట్లో వాదించుకోనక్కరలేదు.

అయితే తేడా ఎక్కడ? రోడ్డు మీద.

మద్దిలపాలెం కూడలి నుండి బయలుదేరి సత్యం జంక్షన్, గురుద్వారా, తాటిచెట్లపాలెం, ఎన్.ఎ.డి., షీలానగర్, గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా పరవాడ చేరేసరికి ముప్పై కిలోమీటర్లు దాటుతుంది. ఎన్.ఎ.డి. దగ్గర 2020లో ఫ్లైఓవరు వచ్చాక ఆ ముడి కొంత విడిపోయింది. కాని షీలానగర్ మొదలు గాజువాక వరకు పోర్టు లారీలు, కంటైనరు బండ్లు, సిటీ బస్సులు, ఆటోలు అన్నీ ఒకే వరుసలో. 2018 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం నగర పరిధిలో కారు వేగానికి పైహద్దు 70 కిలోమీటర్లు. ఆ దారిలో ఉదయంపూట 70 చూసినవాడు అదృష్టవంతుడు. అక్కడ కావలసిన పికప్ నూరు దాటడానికి కాదు. లారీ పక్కనుండి చప్పున బయటపడడానికి, సిగ్నలు దగ్గర మొరాయించకుండా కదలడానికి.

టర్బో ఇంజనుకు ఒక గుణమున్నది. నిమిషానికి కొన్ని చుట్లు తిరిగితేగాని దానికి ఊపిరి అందదు. ఎన్ లైను 1500 చుట్లకే పూర్తి బలం ఇస్తుంది. రేసరుకు 1750 కావాలి. చిన్న తేడాయే, గాని రోజుకు వంద సార్లు ఆగి కదిలేవాడి ఎడమ కాలికి తెలుస్తుంది. అందులోను రేసరు ఆరు గేర్ల మాన్యువల్‌గానే వచ్చింది. ఎన్ లైనులో మాన్యువల్ కాక, ఏడు గేర్ల డి.సి.టి. కూడా ఉన్నది. దానికి క్లచ్చి పెడల్ లేదు. కాని లోపల రెండు పొడి క్లచ్చిలున్నాయి. ట్రాఫిక్కులో అడుగడుగునా పాకించుకుంటూ పోతే అవి వేడెక్కుతాయి. ముందు బండికి కాస్త ఎడమిచ్చి, చోటు వచ్చాక ఒకేసారి కదిలించడం నేర్చుకుంటే చాలాకాలం మన్నుతాయి. మన ఊరిలో ఎడమిస్తే ఆ చోటులోకి ఆటో వస్తుందనుకోండి, అది వేరే సంగతి.

నడపడంలో ఎన్ లైనుదే పైచేయి అని మా అభిప్రాయం. స్టీరింగు బిగువుగా ఉంటుంది, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు. రేసరు ఇంజను కొంచెం మోటు. అబ్బాయి ఒక్కడే తిరిగేవాడైతే మేము ఇక్కడే ఆపుదుము.

కాని వెనుక సీటులో తల్లి, భార్య, పాప ఉంటారు. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు గోడకు గుద్దించి పరీక్షించినప్పుడు మామూలు ఆల్ట్రోజుకు పెద్దల రక్షణలో అయిదు నక్షత్రాలు వచ్చాయి. 2022లో మామూలు ఐ20కి మూడే వచ్చాయి. బండి చట్రం నిలకడగా లేదని కూడా చెప్పారు. రెండూ అప్పట్లో రెండేసి ఎయిర్‌బ్యాగుల బండ్లు. 2023 అక్టోబరు నుండి హ్యుండాయ్ వారు తమ కార్లన్నిటికీ ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టారు గనుక, ఎన్ లైను కొంటే ఆ తరువాతి బండే చూడాలి. పిల్లల రక్షణలో రెండింటికీ మూడేసి నక్షత్రాలే, మార్కులలో ఐ20యే ముందున్నది. ఏది కొన్నా నాలుగేళ్ల పాపకు వేరే చైల్డ్ సీటు కొని వెనుక బిగించాలి. ఒడిలో కూర్చోబెట్టుకోవడం మన ఇళ్లలో ముద్దు గాని, బ్రేకు పడినప్పుడు ఏ తల్లి చేతులూ ఆపలేవు. ఇంకొకటి: ఆల్ట్రోజు తలుపులు తొంభై డిగ్రీలు తెరుచుకుంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇది నక్షత్రాలకంటే పెద్ద సంగతి.

పోలో గురించి యౌవనులు చెప్పుకునే మాటలు నిజమే. 2013లో వచ్చిన జి.టి. టి.ఎస్.ఐ. 105 పి.ఎస్. బండే అయినా ఎక్కితే దిగబుద్ధి కాదు. కాని దాని తయారీ 2022లో ఆగింది. ఆ పాత జి.టి.లోని ఏడు గేర్ల డి.ఎస్.జి. పెట్టె ప్రపంచమంతటా రిపేర్లకు పేరుపడినది. అది చెడితే బిల్లు తేలికగా ఉండదు. రోజూ ఉద్యోగానికి పోయేవాడికి పదేళ్ల పోలో వద్దంటాము. 2015లో 145 పి.ఎస్.తో వచ్చిన అబార్త్ పుంటో దొరుకుతున్నదని ఎవరైనా చెప్పినా వద్దు. ఫియట్ వారు మన దేశంలో కార్ల అమ్మకమే మానుకున్నారు.

ఇక పెట్రోలు. రోజుకు 70 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు, అంటే 1750. ఈ టర్బో బండ్లు ఆ దారిలో లీటరుకు 13 ఇస్తే, మామూలు 1200 సి.సి. బండి 17 ఇస్తుందనుకుందాము. లీటరు 110 రూపాయల లెక్కన ఒకదానికి 14,800, మరొకదానికి 11,300. నెలకు 3,500 తేడా. అయిదేళ్లకు రెండు లక్షలు దాటుతుంది. పికప్ వెల అది. తండ్రీకొడుకుల తగవు తీరే చోటు కూడా ఇదేనని మాకు తోస్తున్నది. తండ్రిగారు వాడిన మామూలు కారుకు అయ్యేదానిలో సగం ఇచ్చి, అక్కడ ఆగాలి. మిగిలిన డబ్బు తిరిగిరానిది, అది వారి వృద్ధాప్యానిది. పైన పడే వాయిదా, పెట్రోలు తేడా, ఇన్సూరెన్సు అబ్బాయి జీతంలోనుండి రావాలి. అంత ఇష్టమైన బండికి అతడు అంత మోయగలడు.

ఈ ఇంటికి మేము రేసరు చెప్పుతాము. తండ్రిగారు కూడా నడపాలనుకుంటే, క్లచ్చి తొక్కే ఓపిక లేకపోతే, 2023 చివరి తరువాతి ఎన్ లైను డి.సి.టి.

ఏది చూసినా పగటిపూట మీ మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్లండి. సముద్రపు గాలి తిన్న బండి పైన నిగనిగలాడినా అడుగున తుప్పు ఉంటుంది గనుక పైకెత్తించి చూడాలి. వేగపు బండ్లలో ఇంజను కంప్యూటరును మార్పించి శక్తి పెంచినవి ఉంటాయి. సర్వీసు చరిత్ర మొత్తం చూపించనివారి దగ్గర కొనవద్దు. టైరు మీద నాలుగు అంకెలుంటాయి: 2322 అంటే 2022వ సంవత్సరం 23వ వారంలో చేసినది. డి.సి.టి. అయితే ఎత్తుమీద ఆపి, ముందుకూ వెనక్కూ నడిపి అదురు ఉన్నదేమో చూడండి.

బేరం కుదిరిన రోజే 29, 30 ఫారాల మీద సంతకాలు తీసుకోండి. ఆర్.సి. నడిపేవాడి పేరు మీదికి, అంటే అబ్బాయి పేరు మీదికే మార్పించండి. ఇన్సూరెన్సు మార్పుకు పద్నాలుగు రోజులే గడువు. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, గనుక ప్రీమియం ఆయన చెప్పినదానికంటే ఎక్కువే పడుతుంది. ఆ మొత్తం ముందే కనుక్కుని బేరంలో తగ్గించమని అడగండి.