చీకటిచిత్రాల పంక్తిలో మనకు విస్తరి ఏదీ?

శాన్ ఫ్రాన్సిస్కోలో 2003లో మొదలైన ‘న్వార్ సిటీ’ చిత్రోత్సవం 2014లో అంతర్జాతీయ వేషం కట్టింది. జపాను, అర్జెంటీనా, మెక్సికో, స్పెయిను, చివరకు నార్వే నేరచిత్రాలకు కూడా పీట వేసింది. సంతోషమే. భారతదేశానికి మాత్రం విస్తరి పరచలేదు. ‘ఫిల్మ్ న్వార్’ అన్న పేరైనా హాలీవుడ్ సొత్తా? 1946లో పారిసు విమర్శకుడు నీనో ఫ్రాంక్ పెట్టినది!

మన చిత్రాలలో పాటలుంటాయి, చీకటి పలచబడుతుందని ఒక పూర్వపక్షం. మరి అదే ఉత్సవంలో ఆడిన మెక్సికో చిత్రం ‘విక్తిమాస్ దెల్ పెకాదో’ (1951) నిండా క్యాబరే ఆటపాటలే కదా! అదే ఏట వచ్చిన గురుదత్ ‘బాజీ’లో గీతా బాలి గిటారు పట్టి పాడితే దోషమెట్లయింది? పోనీ, పాటే దోషమనుకొందాం. 1954 నాటి తమిళచిత్రం ‘అంద నాళ్’లో ఒక్క పాట లేదు. తీసినవాడు వైణికుడు ఎస్. బాలచందర్ కావడం వింత! జపాను బాంబులు పడిన నాటి మద్రాసులో ఒక హత్య, శివాజీ గణేశన్ దేశద్రోహి. ఇంతకన్న చీకటి ఏమి కావాలి?

ఇది సన్మానపు శాలువా కోసం దేబిరింపు కాదు. ఆ ఉత్సవం నడిపే ఫిల్మ్ న్వార్ ఫౌండేషన్ శిథిలప్రతులను బాగుచేయిస్తుంది. అర్జెంటీనావారి ‘ఎల్ వాంపిరో నెగ్రో’ (1953) అట్లాగే మళ్ళీ వెలుగు చూసింది. మనకో, 2003లో పుణే అగ్నిప్రమాదంలో పాత నైట్రేటు రీళ్ళెన్నో బూడిదైనాయి. ఎంపికపట్టికలో పేరెక్కితే మిగిలిన ప్రతిని వెదికే నాథుడైనా పుడతాడు.

రెండేసి చిత్రాలు జతకట్టి చూపడం వారి ఆనవాయితీయే. ‘బాజీ’, ‘అంద నాళ్’ — ఒక్క సాయంత్రం చాలు.