మనలోని కౌశికుడు

పురాణకథలు ముసలివాళ్ల కాలక్షేపమని మనలో చాలామంది అభిప్రాయం. సైన్సు విద్యార్థులకైతే అది మరికాస్త ఎక్కువ. నాకూ ఉండేది. నిరుడు సార్వా పంట నూర్చాక పోయింది.

భారతం అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పిన కథ ఒకటుంది. తెలుగులో దాన్ని ఎఱ్ఱన రచించాడు. కౌశికుడు వేదం చదువుకున్నవాడు. కొంగ మీద రెట్ట వేసిందని కోపంగా చూస్తే అది చచ్చిపడింది. నొచ్చుకున్నాడు గాని, కోపం మానలేదు. భిక్షకు వెళ్లిన ఇంట ఇల్లాలు ఆలస్యంగా వచ్చిందని ఆమె మీదా కళ్లెర్రజేశాడు. తాను కొంగను కానని చెప్పి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరకు వెళ్లమంది ఆవిడ.

ఇక నా సంగతి. కల్లంలో మా నాన్న ఒక వడ్లగింజ కొరికి, "ఇంకో రెండెండలు కావాల్రా" అన్నాడు. నేను నవ్వాను. "పళ్లతో తేమ శాతం తెలుస్తుందా నాన్నా? దానికి మిషనుంది" అన్నాను. బస్తాలు కట్టించింది నేనే. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదు. మిషను 19 చూపించింది. ట్రాక్టరు కిరాయి రెండువైపులా మా నెత్తినే పడింది. బస్తాలు విప్పి మళ్లీ ఆరబోస్తుంటే నాన్న పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి కౌశికుడు గుర్తొచ్చాడు. ఇన్నాళ్లూ ఆ కథలో గర్విష్ఠి ఇంకెవరో అనుకున్నాను. పాతకథల్లో మనం ఎప్పుడూ ఎదుటివాళ్లనే వెతుక్కుంటాం. ఎవరి మాట వినాలో చదువు నేర్పుతుంది. ఎవరి మాట విననక్కర్లేదో మాత్రం మనంతట మనమే తీర్మానించుకుంటాం.

ఆ కథలో అన్నీ ఒప్పుకోవాలని నేననను. ఇల్లాలికి పతిసేవే పరమధర్మమంటే మన అక్కచెల్లెళ్లు ప్రశ్నిస్తారు. ప్రశ్నించాలి కూడా. కాని, కౌశికుడు మిథిలకు నడిచి వెళ్లాడు చూడండి, అది నాకు నచ్చింది. ఒక గృహిణి మాట మీద నమ్మకముంచి, మాంసం కొట్టువాడి ముందు శిష్యుడిలా నిలబడ్డాడు. విశ్వాసమంటే నాకర్థమైంది ఇదే. లేబొరేటరీలో మనం చేయవలసిందీ ఇదే. చెప్పినవాడు ఎవరని కాక, చెప్పిన మాట నిజమో కాదో వెళ్లి చూడాలి.

చివరకు ధర్మవ్యాధుడు తన తల్లిదండ్రులను చూపించి, కౌశికుణ్ణి ఇంటికి పొమ్మన్నాడు. చదువుకోసం తల్లిదండ్రుల అనుమతైనా అడక్కుండా వచ్చేసినవాడు మరి!

నేనూ మొన్న సెలవుల్లో ఇంటికెళ్లి, గింజ కొరికి చూడటం నేర్పమన్నాను. "టక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఆరనట్టు" అన్నాడు నాన్న. ఇంకా సరిగ్గా పట్టుబడలేదు. నేర్చుకుంటున్నాను.