టీవీ రికార్డింగ్: చట్టం ఇచ్చిన హక్కు, సాఫ్ట్‌వేర్‌లో లేని బటన్

టీవీ చర్చలో నాయకుడు అన్న మాట మర్నాటికి ‘నేను అలా అనలేదు’ అయిపోతుంది. ఆ వీడియో యూట్యూబ్‌ నుంచి మాయమైతే రుజువు చానల్‌ దగ్గరే మిగులుతుంది. ప్రసారం చేసినదాన్ని 90 రోజులు భద్రపరచాలని కేంద్రం అప్‌లింకింగ్ మార్గదర్శకాల్లో చానళ్లకు షరతు పెట్టింది. చూసిన ప్రేక్షకుడికి మాత్రం ఏ ఆధారమూ ఉండదు. అందుకే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టీవీ ప్రసారాన్ని నేరుగా రికార్డు చేసే సదుపాయం ఉండాలా అన్నది సాంకేతిక నిపుణులకే పరిమితమైన ప్రశ్న కాదు.

ఒకప్పుడు ఇది తేలికే. కేబుల్ వైరును కంప్యూటర్‌లోని ట్యూనర్ కార్డుకు కలిపితే కార్యక్రమం ఫైలుగా మారేది. కేబుల్ డిజిటలీకరణ దాన్ని మార్చేసింది. 2012లో ఢిల్లీ, ముంబైలతో మొదలై, 2013 మార్చి 31 గడువుతో హైదరాబాద్, విశాఖపట్నం సహా 38 నగరాలకు, 2017 నాటికి దేశమంతటికీ సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరైంది. సిగ్నల్‌కు ఎన్‌క్రిప్షన్ తాళం పడింది. 2015లో విండోస్ 10తో మైక్రోసాఫ్ట్ కూడా టీవీ రికార్డు చేసే మీడియా సెంటర్‌ను పక్కన పెట్టింది. ఇప్పుడు హెచ్‌డీఎంఐ తీగ ద్వారా రికార్డు చేయబోయినా, హెచ్‌డీసీపీ రక్షణ ఉంటే నల్లటి తెరే కనిపిస్తుంది.

చట్టం ఏమంటోంది?

కాపీరైట్ చట్టం సెక్షన్ 37 ప్రసార సంస్థలకు 25 ఏళ్ల హక్కు ఇచ్చింది. సెక్షన్ 39 దానికి మినహాయింపులూ ఇచ్చింది: సొంత వాడకానికి, బోధనకు, పరిశోధనకు రికార్డు చేసుకోవచ్చు, వర్తమాన ఘటనల వార్తల్లో, సమీక్షలో న్యాయబద్ధంగా కొన్ని భాగాలు వాడుకోవచ్చు.

చిక్కు 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఏలో ఉంది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళాన్ని దాటితే రెండేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. చట్టం నిషేధించని పనికి దాటడం నేరం కాదు. కానీ అందుకు సాయం చేసినవారు అవతలి వ్యక్తి పేరు, చిరునామా, ఉద్దేశం అన్నీ నమోదు చేసి ఉంచాలి. లక్షల మంది డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్ తయారీదారుకు ఇది అయ్యే పని కాదు. అలా హక్కు కాగితంపై మిగిలింది, పనిముట్టు దూరమైంది.

ప్రసార సంస్థల భయం నిరాధారం కాదు. కోట్లు పోసి కొన్న క్రికెట్ హక్కులను దొంగ వెబ్‌సైట్లు కొల్లగొడుతున్నాయి. కానీ ఆ దొంగలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో బటన్ కోసం ఎదురు చూడరు. వారిని అడ్డుకోవడానికి ఢిల్లీ హైకోర్టు వెబ్‌సైట్ల నిరోధక ఉత్తర్వులు ఇస్తూనే ఉంది. తాళం వల్ల నిజంగా ఆగిపోయేది ఫ్యాక్ట్‌చెకర్, జర్నలిజం విద్యార్థి, చిన్న వార్తాసంస్థ. చట్టబద్ధమైన వాడకం గణనీయంగా ఉన్న పరికరాన్ని అమ్మినంత మాత్రాన ఉల్లంఘనకు బాధ్యులు కారని అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే బీటామ్యాక్స్ కేసులో 5-4 మెజారిటీతో తేల్చింది.

రికార్డు చేసుకున్నా గొడవ తీరదు. 2025లో వార్తాసంస్థ ఏఎన్ఐ క్లిప్పులు వాడిన యూట్యూబర్లకు కాపీరైట్ స్ట్రైకులు వచ్చాయి. 90 రోజుల్లో మూడు పడితే చానలే పోవచ్చు. స్ట్రైకుల తొలగింపునకు భారీ లైసెన్సు ఫీజు అడిగారని వారు ఆరోపించారు. తన హక్కునే కాపాడుకుంటున్నానని సంస్థ వాదించింది. ‘న్యాయబద్ధ వినియోగం’ ఎంతవరకో కోర్టు చెప్పేలోపు వేదికే తీర్పు ఇచ్చేస్తోంది.

కాబట్టి రెండు పనులు జరగాలి. తాళం లేని ఉచిత ప్రసారాలను రికార్డు చేసే సదుపాయాన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు నిస్సంకోచంగా ఇవ్వాలి. పార్లమెంటు సమావేశాలు, ప్రభుత్వ ప్రసారాలు ప్రజల సొమ్ముతో నడిచేవే. తాళం ఉన్నచోట, సెక్షన్ 39 అనుమతించిన పనులకు సెక్షన్ 65ఏలోని నమోదు షరతును కేంద్రం సడలించాలి. టీవీలో ఏం చెప్పారన్నదానికి టీవీ యజమాని ఒక్కడే సాక్షిగా మిగలడం ప్రజాస్వామ్యానికి మంచిది కాదు.