రాజీ ఎవరి లెక్కకు?

పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లతో మాట్లాడినప్పుడల్లా ఒకే మాట వింటాను: 'కోర్టుకెళ్లే స్తోమత మాకెక్కడిదమ్మా?' 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. వకీలు ఫీజు, కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు అందులోకే వస్తాయి. ఆదాయ సర్టిఫికెట్టు తెమ్మని స్త్రీని తిప్పడానికి చట్టంలో ఆధారం లేదు. ఇన్నేళ్లయినా ఈ మాట బట్టీల దాకా రాకపోవడం ఎవరి తప్పు?

వచ్చినచోట మరో చిక్కు. లోక్ అదాలత్‌లో రాజీ త్వరగా కుదురుతుంది. కానీ ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిమీద అప్పీలు లేదు. ఈ సంగతి ఆమెకు ముందే చెబుతున్నారా? దెబ్బలు తిన్న మనిషిని 'సర్దుకుపొమ్మా' అంటూ వేలిముద్ర వేయించి, ఒక కేసు తగ్గిందని రాసుకుంటే, అది కులపెద్దల పంచాయితీకి సర్కారు ముద్ర కొట్టడమే. రాజీ కుదరకపోతే కేసు తిరిగి కోర్టుకే వెళ్తుంది. కాబట్టి వద్దనే హక్కు ఆమెకుంది.

సంఘాల్లో పనిచేసే మనం ఆమె పక్కన కూర్చుని, వేలిముద్రకు ముందు ప్రతి కాగితం చదివి వినిపించాలి. న్యాయసహాయం నంబరు 15100ను బట్టీల గోడలమీద రాయాలి. మనం అడుగుతున్నది దానం కాదు, రావలసిన బాకీ.