పెట్టెలో పెట్టరానివి

యాత్రకు బయలుదేరువాని బుద్ధి వాని పెట్టెలో కనబడును. పసిఫిక్ మహాసముద్రమందలి తహితి, సమోవా, టోంగా, హవాయి మొదలగు పాలినీషియా ద్వీపములకు సెలవులు గడపుటకై పోవువారు నేడు పెక్కురు. ఏ వస్త్రములు కొనవలెను, ఏ లేపనములు పూసికొనవలెను, ఎన్ని జతల చెప్పులు కావలెను అనునదియే వారి ఆలోచన. ఏమి తీసికొనిపోరాదని తలపోయువారు అరుదు. నిజమునకు ద్వీపయాత్రకు ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యము.

ద్వీపమనగా నలుదిక్కుల సముద్రము కోటగోడవలె కాపాడిన చిన్నలోకము. ఆ కోటకు ద్వారము నాడు ఓడ, నేడు విమానము. 1826 ప్రాంతమున ఒక ఓడలోని నీటిపీపాలతో హవాయిలో దోమ ప్రవేశించినదని చెప్పుదురు. తరువాత దోమకాటుచే వ్యాపించిన పక్షిమలేరియా వలన అచ్చటి అడవిపిట్టల జాతులు కొన్ని నశించినవి. మిగిలినవానిలో పెక్కు, దోమ చేరలేని చల్లని కొండలపై తలదాచుకొనుచున్నవి. పీపాలు నింపినవారికి పిట్టలపై పగ లేదు. అజాగ్రత్తకు పగతో పనియేమి?

మనుష్యుల కథ ఇంతకన్న దారుణము. 1918 నవంబరులో ఆక్లండు నుండి వచ్చిన 'తలూన్' అను ఓడ పశ్చిమ సమోవాలోని ఆపియా రేవు చేరినది. అందలి రోగులను అడ్డగించినవారు లేరు. కొలది వారములలో ఇన్‌ఫ్లుయెంజా జ్వరమునకు సుమారు 8,500 మంది, అనగా జనులలో అయిదవవంతునకు మించి, బలియైరి. పొరుగుననే యున్న అమెరికన్ సమోవాలో గవర్నరు ఓడలను కట్టుదిట్టముగా నిలిపివేయుటచే ఆ జ్వరమున ఒక్కరును చావలేదు. 2019లో మరల సమోవాకు తట్టు వ్యాధి విమానమెక్కి వచ్చినది. టీకాలు వేయించుకొన్న పిల్లలు తక్కువగా నున్న సమయమది. 83 మంది మరణించిరి. వారిలో అధికులు అయిదేండ్లు నిండని పసివారు.

కావున ప్రయాణసన్నాహము పెట్టె తెరచుటతో కాదు, వారముల ముందుగా టీకాలు వేయించుకొనుటతో ఆరంభము కావలెను. జ్వరమున్నచో ప్రయాణము మానవలెను. చెప్పుల కంటిన మట్టిని కడిగివేయవలెను. విత్తనములు, పండ్లు, మొక్కలు మూటలో చేర్చరాదు. ఊరగాయ జాడీనైనను దాచక తనిఖీ అధికారులకు చూపవలెను. ఎండ తీవ్రమే, కాని పొడుగుచేతుల నూలుచొక్కా, వెడల్పుటోపీ చాలవరకు కాపాడగలవు. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అను రసాయనములు గల లేపనములు పగడపు దిబ్బలకు హానికరములను భావముతో హవాయి ప్రభుత్వము 2018లో చట్టము చేసి, 2021 నుండి వాని అమ్మకమును కట్టడి చేసినది. టోంగాలో పురుషుడు బహిరంగముగా చొక్కా లేక తిరుగుట నేరము. ఆదివారము అచ్చట పవిత్రదినము. కాబట్టి భుజములు కప్పు వస్త్రము మర్యాదకును అవసరమే.

ఇన్ని నిర్బంధములు విహారమునకేల యని కొందరనవచ్చును. పాలినీషియనుల పూర్వులు మాత్రము జంటపడవలలో చేమ, అరటి, చెరకు, సీమపనస, పందులు, కుక్కలు, కోళ్లు తెచ్చుకొనలేదా? తెచ్చిరి, వానితో ఎలుకయు వచ్చి అచ్చటి పక్షులకు చేటు చేసినది. కాని వారు క్రొత్తనేలపై బ్రతుకుటకై మూట కట్టిరి. నేటి యాత్రికుడు పదిదినముల వినోదమునకై కట్టుచున్నాడు. పైగా వారికి తెలియని సంగతులు ఇతనికి తెలియును. తెలిసినవాని బాధ్యత పెద్దది. అట్లని పోవుట మానవలసిన పని లేదు. అతిథులవలన జీవనము సాగించు కుటుంబములు ఆ దీవులలో పెక్కు గలవు. అతిథి అతిథివలె పోవలెననుటయే ఇందలి సారము.

ఆంధ్రదేశపు విద్యార్థులలో పాలినీషియా చూడగలవారు కొందరే కావచ్చును. అయినను ఉపాధ్యాయుడు పసిఫిక్ పటమును గోడకు తగిలించి, ఆ నీలిమలోని చుక్కలను చూపి, రెండు సమోవాల కథ చెప్పినచో, అది భూగోళపాఠమును మించిన పాఠమగును. జ్వరముతో బంధువుల యింటికి పోరాదనుటయు అందులోనిదే. టీకా పొందిన చేయి, కడిగిన చెప్పులు, సమోవా పలకరింపు 'తలోఫా' యను ఒక్క మాట—వీనివలన పెట్టె బరువెక్కదు. ఇవి లేని పెట్టె ఎంత తేలికయైనను, దాని భారము మోయవలసినది ఆ దీవియే.